రొట్టెల డబ్బాలో లెక్కల క్లాసు

బళ్ళారి, హాస్టలు
5 ఆగస్టు 2007

తాతకు,

నువ్వు పెట్టిన షరతు ప్రకారం ఈ వారం తెలుగు ఉత్తరం ఇదిగో. ఇక రొట్టెలు ఆపవద్దని అవ్వకు చెప్పు. మన కురుగోడు బస్సు కండక్టరు తిమ్మన్న పొద్దున బస్సు దిగకుండానే మూట అందించి, ఖాళీ డబ్బా కోసం చెయ్యి చాపాడు. టిక్కెట్టు అడిగినట్టే అడుగుతాడు ఆయన. ఈ ఉత్తరం ఆ డబ్బాలోనే వస్తుంది కాబట్టి కాగితానికి శెనిక్కాయల పొడి అంటితే నన్ను అనకు.

పోయినేడు చేసినట్టు ఎర్ర సిరాతో దిద్ది తిరిగి పంపవద్దు. రూములో అందరూ చూసి నవ్వారు. బడిలో కన్నడమే చదివిన పిల్లకు పలక మీద వేలు పట్టి తెలుగు దిద్దించింది నువ్వు. తప్పులుంటే సగం నీవి.

ఇప్పుడు అసలు సంగతి. రెండో ఏడాదిలో మాకు లెక్కల సారు లేడు, టీవీ ఉంది. కాలేజీ మిద్దె మీద బండి చక్రం కన్నా పెద్ద డిష్షు బిగించారు. బెంగుళూరులో ఒక ప్రొఫెసరు కెమెరా ముందు పాఠం చెబుతాడు. అది ఆకాశానికి పోయి మా హాల్లో తెర మీద దిగుతుంది. ఎన్నో ఊళ్ళ కాలేజీల వాళ్ళు ఒకేసారి చూస్తారట. చివర్లో ఆయన 'ఎనీ డౌట్స్?' అంటాడు. ఫోను చేసి అడగవచ్చు. మేము నంబరు నొక్కేలోపు 'గుడ్' అని లేచి వెళ్ళిపోతాడు.

క్లాసంతా సంబరంగానే ఉంది. వెనక బెంచీ ప్రశాంత్, "టీవీ నన్ను లేపి నిలబెట్టదు. ఇంతకన్నా మంచి అయ్యవారు యాడ దొరుకుతాడు?" అంటున్నాడు. నా రూములో ఉండే అంబికది తెక్కలకోట. వాళ్ళ అమ్మానాన్నలు పొలం పనులకు పోయి చదివిస్తున్నారు. ఆమె మాట వేరు. "టీవీ సారుకు ఎవరు యాడ కూర్చున్నారో, ఎవరి బిడ్డో తెల్దు. నాకు అదే బాగుండాది" అంది. ఇక్కడ కొందరు సార్లు డౌటు చెప్పేముందు ఆమెను ఊరూ, అమ్మానాన్నల పనీ అడుగుతారు.

పాత సారు ఏమయ్యాడని అడుగుతావేమో. ఎప్పుడూ చెవి మీద సుద్దముక్క పెట్టుకుని తిరిగేవాడని మేము ఆయన్ను సుద్దముక్క సారు అనేవాళ్ళం. గనుల వాళ్ళు మూడింతల జీతం ఇస్తామంటే పోయాడట. ఈ ఊళ్ళో ఎవరు ఏ పని మానేసినా అటే పోతున్నారు. పోతే పోయాడు. జూన్‌లో కాలేజీ వాళ్ళు టీవీ మేలా, సారు మేలా అని ఒక ఫారం ఇచ్చినప్పుడు మేము టీవీకే టిక్కు పెట్టాం. టీవీ ముందు శెనిక్కాయలు తినొచ్చు, సారు ముందు కుదరదు.

అవ్వకు రెండు ముద్దులు, నీకు ఒకటి. మీసం గుచ్చుకుంటుంది.

మేఘన

*

కురుగోడు
9 ఆగస్టు 2007

మేఘనమ్మకు తాత నారప రాయునది. ఇక్కడ కాలువకు నీళ్ళు వచ్చాయి. మనుషులకు తీరిక రాలేదు. మిగతా అంతా బాగే.

నీ ఉత్తరం భోజనాల వేళ మన ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గొంతెత్తి చదివాను. మీ నాయన చక్రధర్ చదివింది కన్నడం. తెలుగు మాట్లాడతాడే గాని అక్షరం చూస్తే వాడికి ముగ్గులాగా కనిపిస్తుంది. బళ్ళారి జిల్లా మద్రాసు కింద ఉన్న రోజుల్లో ఈ ఊళ్ళో తెలుగు బడి ఉండబట్టి నేను బతికిపోయాను. నేను చదువుతుంటే టిప్పర్ల డ్రైవర్లు కూడా ముద్ద ఆపి వింటారు. ప్రశాంత్ మాట వాళ్ళకు బాగా నచ్చింది.

మీ నాయన మాత్రం నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "నాయనా, అయ్యవారు బెంగుళూరులో ఉండాడు. పాఠం ఆకాశంలో ఉండాది. మరి మన బిడ్డ బళ్ళారిలో ఎందుకుండాది?"

 వాడు రోజూ ఆ దారిన తిరిగే మనిషి. ఖనిజం టిప్పర్లు ఎట్లా తోలుతారో వాడికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. రోడ్డు దాటే ఆడపిల్లను చూస్తే నువ్వే అనుకుంటాడట. మనింటి మీద కూడా ఒక డిష్షు పెట్టిస్తానని, వినాయక చవితికి పెట్టె సర్దుకుని వచ్చెయ్యమని రాయమన్నాడు. రాశాను. నీకు జవాబు తోస్తే పంపించు.

ఆఫీసులో కొత్త మేనేజరు చేరి నెలయింది. పేరు వెంకట్రావు, ఆదోని దిక్కు మనిషి. ఏ టిప్పరు ఎప్పుడు బయలుదేరాలో కాగితం మీద గీతలు గీసి గోడకు అంటించాడు. గని దగ్గర బండ్లు పొద్దుగూకులూ నిలబడటం తప్పింది. నీ ఉత్తరం సగంలో ఉండగా లేచి బయటికి పోయాడు. దుమ్ము పడదేమో పాపం. మీ అవ్వ ఆయనకు కూడా రోజూ రెండు రొట్టెలు పంపుతోంది.

తప్పులు పదకొండు. సగం నావి అన్నావు కాబట్టి అయిదున్నర నీకు వేశాను. ఆ అర తప్పు ఏదో నువ్వే వెతుక్కో.

నీ తాత
నారప

*

బళ్ళారి
19 ఆగస్టు 2007

తాతా,

ఎంత పని చేశావు. నీకు నవ్వు రావాలని రాసింది తీసుకుపోయి నాయన ముందు చదివితే ఆయన ఇంకేమంటాడు?

ముందు ఇది చదివి వినిపించు. ల్యాబు ఇక్కడ ఉంది, లైబ్రరీ ఇక్కడ ఉంది, అంబిక ఇక్కడ ఉంది. రోడ్డు దాటేటప్పుడు ఇద్దరం చెయ్యి పట్టుకునే దాటుతాం. ఆ డిష్షు కాలేజీలకు మాత్రమే పనిచేసేది, ఇంట్లో పెడితే పాఠం రాదు. నాయనతో ఈ మాట గట్టిగా చెప్పు.

ఇక్కడి నుంచి నీకు మాత్రమే, చదవకుండా దాటెయ్.

మొదటి పరీక్షలో నాకు ఇరవై అయిదుకు ఆరు వచ్చాయి. ఫోరియర్ అని ఒక పాఠం. ఒక అలను బోలెడు చిన్న అలలుగా విడదీయాలట. ఎందుకు విడదీయాలో తెలియలేదు, ఎట్లానో అసలే తెలియలేదు. ఆ మెట్టు దగ్గర ఆగిపోయాను. టీవీ ఆగదు కదా. పట్టు విడవకుండా ఫోను చేస్తే ఒకరోజు కలిసింది. ప్రొఫెసరు, "బళ్ళారి, మీ గొంతు వినిపించడం లేదు" అన్నాడు. నేను హలో హలో అనడం మాత్రం అన్ని ఊళ్ళకూ వినిపించింది. ఇప్పుడు నేను మెస్సులోకి పోతే ప్రశాంత్ హలో అంటాడు.

సుద్దముక్క సారు ఉంటే ఇట్లా అయ్యేది కాదు. ఆయనకు మేము డౌటు అడగనక్కర్లేదు. మూడో వరుస దాకా మా మొహాలు చూసి, ఏమీ అనకుండా బోర్డు తుడిచి మళ్ళీ మొదలుపెట్టేవాడు. అట్లాంటి మనిషి డబ్బు వెంట పోయాడు. ఎక్కడైనా కనిపిస్తే ఎట్లా పోబుద్ధి అయిందని అడగాలి.

తాతా, నాకు భయంగా ఉంది. ఇప్పుడు ఇంటికి వస్తే మళ్ళీ ఈ గడప తొక్కను. నాయన ఆఫీసులో బిల్లులు రాస్తూ ఉండిపోతాను. నాకు చదువుకోవాలని ఉంది, ఇక్కడే ఉండి. ఏదో ఒకటి చెయ్యి.

మేఘన

*

కురుగోడు
23 ఆగస్టు 2007

మేఘనమ్మకు,

దాటెయ్యమని రాసిన మాట కూడా చదివేశాను. అది చదివితేనే కదా దాటెయ్యాలని తెలిసేది. అప్పటికే నోరు పరుగులో ఉంది, ఆరు మార్కుల దగ్గర గాని ఆగలేదు. డ్రైవర్లు ఆరు కూడా మార్కులే కదా అని నీ తరఫున మాట్లాడారు. మీ నాయన, "టీవీ కోసం అంత దూరం పోయి ఆరు తెచ్చుకునేదానికి, ఇంట్లో కూర్చుంటే పది వస్తాయి" అన్నాడు.

డిష్షు వచ్చేసింది. నువ్వు రాదన్నావు గాని పాఠం వస్తూనే ఉంది. రెండు రోజులుగా సాయంత్రం ఇంటిల్లిపాదీ మాట్లాడకుండా కూర్చుని చూస్తున్నాం. మీ ప్రొఫెసరు కోటు వేసుకుని పెద్ద పటం ముందు నిలబడి చేతులు ఊపుతాడు. ఇంగ్లీషు కావడంతో నాకు కొంచెమే తెలిసింది. గురువారానికి మన వైపు వాన అన్నాడు. ఈరోజు గురువారం. చుక్క లేదు. ఆయన లెక్క మీద నాకు నమ్మకం పోయింది.

ఇంకొక మాట. నీ సుద్దముక్క సారు సంగతి చదివి నాకు ఒళ్ళు మండింది. నమ్ముకున్న పిల్లల్ని గాలికి వదిలి పోయినవాడికి తిన్నది ఎట్లా అరుగుతుందని అందరి ముందూ అడిగాను. మేనేజరు వెంకట్రావుకు మజ్జిగ పొలమారింది. నేనే వీపు నిమిరాను.

ఆ తరువాత ఆయన నా దగ్గరకు వచ్చి, నీకు తెలియని మెట్టు ఏదో నన్ను అడిగి, బయట నిలబడిన టిప్పర్ల దగ్గరకు తీసుకుపోయాడు. బండ్ల తలుపుల మీద నంబర్లు వెయ్యడానికి చెవి మీద సుద్దముక్క పెట్టుకుని ఉంటాడులే. నాలుగు బండ్ల వాళ్ళను ఒక్కసారి హారన్ కొట్టమన్నాడు. కోళ్ళన్నీ గోడ దూకాయి. "ఈ గోలలో ఎన్ని బండ్లు ఉండాయో కళ్ళు మూసుకుని చెప్పండి" అన్నాడు. నేను సన్నటి హారన్ ఒకటి, బొంగురుది ఒకటి, అట్లా విని నాలుగూ చెప్పాను. "అంతే పెద్దాయనా. గోల ఒకటే. దాంట్లో ఏ హారన్ ఎంత ఉండాదో విడదీసి చెప్పడమే ఆ పాఠం. అమ్మాయికి రాయండి" అన్నాడు. డెబ్బయి ఏళ్ళ వాణ్ణి, నాకు తెలిసింది. నీకు తెలిసిందా?

ఆయన లెక్క చేసి ఇచ్చిన కాగితం కూడా డబ్బాలో పెట్టాను. తప్పులు తొమ్మిది. మెరుగు.

నారప

*

బళ్ళారి
26 ఆగస్టు 2007

తాతకు,

మీరు చూస్తున్నది వాతావరణ వార్తలు. ఆ కోటాయన మా ప్రొఫెసరు కాడు. ఈ మాట నాయనకు ముందు చెప్పు.

హారన్ల పాఠం నాకు తెలిసింది. అంబికకు చెప్పాను, ఆమెకూ తెలిసింది. ఆ తరువాత నువ్వు పంపిన కాగితం విప్పాను. విప్పి మంచం మీద కూలబడ్డాను.

ఎక్స్ రాస్తే రెండు చంద్రవంకలు వీపులు ఆనించుకున్నట్టు రాసేది, జవాబు చుట్టూ రెండు గీతల పెట్టె కట్టి మూలన చుక్క పెట్టేది నేనెరిగిన మనిషి ఒక్కడే. చెవి మీద సుద్దముక్క అని నువ్వే రాశావు. నీకు వెలగలేదా తాతా? వెంకట్రావులు ఊరికి పది మంది అనుకుని నేనూ పేరు పట్టించుకోలేదు. మీ మేనేజరు వెంకట్రావే మా సుద్దముక్క సారు. ఆయన ముందే, అవ్వ రొట్టె ఆయన చేతిలో ఉండగానే, నేను రాసినవి నువ్వు గొంతెత్తి చదివావు.

ఇంకా ఉంది. మా హాలు ఊడ్చే సుంకలమ్మను సారు ఎందుకు పోయాడని నిన్న అడిగాను. ఆమె చీపురు పక్కన పెట్టి చెప్పింది. "ఆ సారు చేతికి రిమోటు ఇచ్చినారమ్మా. టీవీ వెయ్యాల, ఆర్పాల, హాజరు పిలవాల, అంతే పని అన్నారు. మీరు టిక్కులు పెట్టిన కాగితాలు ఆయనకే ఇచ్చినారు. ఒక్కొక్కటే చదువుకుంటా కూర్చున్నాడు."

అరవై మందిలో యాభై నాలుగు టిక్కులు టీవీకి పడ్డాయట. అందులో ఒకటి నాది. శెనిక్కాయల కోసం.

ఇక్కడి నుంచి ఒక్క మాట కూడా దాటెయ్యకుండా, అందరూ ఉన్నప్పుడే చదువు.

సార్, నేను మేఘనను, మూడో వరుస. మీరు డబ్బు వెంట పోయారని రాశాను. మిమ్మల్ని పంపింది మేమే. ఆ రోజు టిక్కు పెట్టేటప్పుడు నేను మీ గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తప్పయింది, క్షమించండి. ఈ వారం అదే ఫారం మళ్ళీ ఇచ్చారు. ఎట్లా నింపాలో తెలియక పరుపు కింద పెట్టాను. సారుకే టిక్కు పెడదామంటే అంబిక ఒప్పుకోదు. టీవీ ప్రొఫెసరు బాగా చెబుతాడు, ఆయన తన ఊరు అడగడు, అది కూడా నిజమే కదా అంటుంది. మీరు వస్తే రెండింటికీ చోటు ఉంటుందా సార్?

మేఘన

*

కురుగోడు
30 ఆగస్టు 2007

మేఘనమ్మకు,

నీ ఉత్తరం చదవడం మొదలుపెట్టి, 'కూలబడ్డాను' దాటాక మిగతాది కళ్ళతోనే చదువుకున్నాను. కాగితం మడిచి వెంకట్రావు చేతికి ఇచ్చాను. ఆయన టిప్పరు నీడకు పోయి నిలబడి చదువుకున్నాడు. ఎంత సేపు నిలబడ్డాడంటే, బండి బయలుదేరి పోయి నీడ కూడా పోయింది, మనిషి ఎండలోనే ఉన్నాడు.

నేను అన్న మాటలకు ఆయన ముందు చేతులు జోడించాను. ఆయన నా చేతులు పట్టుకుని కిందికి దించాడు. "నేను గనుల కోసం పోలేదు పెద్దాయనా. పిల్లలు నన్ను వద్దన్నారనుకుని పోయినా" అన్నాడు.

మీ నాయనకు అంతా విప్పి చెప్పాను. వాడు, "అయ్యవారినని ఆయన నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. లెక్క బాగా తెలుసని పెట్టుకున్నా" అన్నాడు. నిజమే. ఈ జిల్లాలో ఇప్పుడు ఎవరూ ఎవరినీ అడగడం లేదు. అయినా నా నోరు ఊరుకోలేదు. "చక్రా, ఒక చేత్తో బిడ్డను కాలేజీలో చేర్చినాం. ఇంకో చేత్తో ఆ కాలేజీ అయ్యవారిని తెచ్చి లారీల కాడ కూర్చోబెట్టినాం. మళ్ళా బిడ్డకు ఆరే వచ్చినాయని నువ్వే అంటాండావు" అన్నాను.

వాడు లేచి గోడ దగ్గరకు పోయాడు. ఆ తరువాత వెంకట్రావును పిలిచి, గోడ మీది గీతలు ఎట్లా చదవాలో తనకు నేర్పి, కాలేజీకి పొమ్మన్నాడు. మా మేనేజరును ఊడబెరికావని నీ మీద రెండు రోజులు గొణిగాడు. చవితి సంగతి, పెట్టె సంగతి ఎత్తలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

వెంకట్రావు సోమవారం వచ్చి మీ ప్రిన్సిపాల్‌ను అడుగుతానన్నాడు. వాళ్ళు మళ్ళీ తీసుకుంటారో లేదో తెలియదు. మీ ఫారాలే చూస్తారట. ఆ పరుపు కింది కాగితం బయటికి తియ్యి.

ఈసారి తప్పులు దిద్దలేదు. ఉత్తరం ఆయన జేబులో ఉండిపోయింది.

నీ తాత
నారప

*

బళ్ళారి
9 సెప్టెంబరు 2007

తాతకు,

ఇది నీ ఇష్టం వచ్చినంత గట్టిగా చదువుకో.

ఫారంలో రెండు గడులే ఉన్నాయి, టీవీకి ఒకటి, సారుకు ఒకటి. అంబిక స్కేలు తీసుకుని కింద మూడో గడి గీసింది. దాని పక్కన, 'ముందు టీవీ, తరువాత సారు, ఊరూ పేరూ అడగకుండా డౌటు వినాలి' అని రాసింది. దాన్ని చూసి క్లాసంతా గీశారు. ప్రశాంత్ మొదట ఒప్పుకోలేదు. అంబిక వాడికి హారన్ల పాఠం ఒకసారి చెప్పి, తిరిగి చెప్పమంది. చెప్పాడు. చెప్పగలిగినందుకు వాడే ఆశ్చర్యపోయి గీసేశాడు. అరవై కాగితాల మీద అరవై వంకర గడులు చూసి ప్రిన్సిపాల్ తల పట్టుకున్నాడట. మొన్న బుధవారం నుంచి వారానికి మూడు రోజులు టీవీ అయ్యాక సారు క్లాసు.

సారు లోపలికి వచ్చేసరికి మేము లేచి నిలబడ్డాం. ఆయన మా వైపు చూడలేదు, సంచిలోంచి ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. మనింటి రొట్టెల డబ్బా. అవ్వ దారిలో తినమని ఇచ్చిందట. "డౌట్లు చీటీల మీద రాసి ఇందులో వెయ్యండి. పేర్లు వద్దు" అన్నాడు. ఇరవై రెండు చీటీలు పడ్డాయి. ఒకటి విప్పి, వాసన చూసి, "దీని మీద పేరు లేదు గాని శెనిక్కాయల పొడి ఉండాది" అన్నాడు. పొడి డబ్బాలోదే తాతా, నిజంగా నాది కాదు. క్లాసంతా నా వైపు తిరిగి హలో హలో అన్నారు.

సారు అన్ని చీటీలకూ జవాబు చెప్పాడు. మధ్యలో ఒకసారి మా మొహాలు చూసి, ఏమీ అనకుండా బోర్డు తుడిచి మళ్ళీ మొదలుపెట్టాడు. నాకు ఏడుపు వచ్చింది, సుద్ద దుమ్ము అని చెప్పుకున్నాను.

చివర్లో, "ఇంకా డౌట్లు ఉండాయా?" అని అడిగాడు. ఎవరూ చెయ్యెత్తలేదు. ఆయన గుడ్ అనలేదు. బల్ల అంచు మీద కూర్చుని చెవి మీది సుద్దముక్క సర్దుకున్నాడు. గంట కొట్టారు. అప్పటికీ లేవలేదు. అట్లాగే కూర్చుని ఉన్నాడు తాతా, మాకు ఆ ఒక్క పని తప్ప ప్రపంచంలో ఇంకే పనీ లేనట్టు.

అప్పుడు నా పక్కన అంబిక చెయ్యెత్తింది. చీటీ లేకుండా. లేచి నిలబడి, "సార్, నేను అంబిక, తెక్కలకోట" అని తన పేరూ ఊరూ తనే చెప్పి డౌటు అడిగింది.

చవితికి వస్తాను. చేతిసంచితో వస్తాను. పెట్టె ఇక్కడే ఉంటుందని నాయనకు చెప్పు.

మేఘన